రిలేటివ్ ప్రైస్ అంటే చుట్టాల రేటా?

2024 దసరాకి పెద్ద అంబర్‌పేట్ వెళ్ళా. గచ్చిబౌలిలో ఉంటూ పెద్ద అంబర్‌పేట్‌కి "ఊరెళ్తున్నా" అంటే ఆఫీసులో నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. ఔటర్ మీద ఒక మూల ఎక్కి ఇంకో మూల దిగి, విజయవాడ రోడ్డు మీంచి మా గల్లీలోకి తిరిగేసరికి నాకైతే ఊరొచ్చినట్టే ఉంటుంది.

ఆ పూట బాబాయి వాళ్ళింట్లో భోజనం. బాబాయి పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున మూడింటికే లేచి పోయేవాడు. ఇప్పుడది బాటసింగారం వచ్చింది కాబట్టి ఇంకాస్త నిద్ర దొరుకుతోంది. చెల్లి (బాబాయి కూతురు) ఆ ఏడాదే దిల్‌సుఖ్‌నగర్లో ఒక డిగ్రీ కాలేజీలో బీఏ ఎకనామిక్స్‌లో చేరింది. పదో తరగతి దాకా సర్కారు బడి, తర్వాత ఇంటర్ సీఈసీ, అంతా తెలుగు మీడియమే. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంగ్లీష్ మీడియం పెట్టించింది ఎవరయ్యా అంటే, నేనే. "అందరూ అట్లనే చదువుతరు, రెండు నెలల్ల అలవాటైతది" అని ధైర్యం కూడా చెప్పా.

అన్నం తింటుంటే చిన్నమ్మ మెల్లగా మొదలుపెట్టింది. "చౌటుప్పల్ నుంచి ఒక సంబంధం వచ్చింది కొడుకా. పిలగాడు మంచిగనే ఉన్నడు. ఇదేమో కాలేజీకి పోనంటున్నది. చదువు సాగనప్పుడు ఇంట్ల కూసోవెట్టి ఏం చేస్తం చెప్పు?"

చెల్లి తలెత్తలేదు. చేతులు కడుక్కున్నాక బయట అరుగు మీద కూర్చుంటే వచ్చి చెప్పింది. "నాతోని అయితలేదన్నా. క్లాసుల మేడం చెప్తుంటే సమజైనట్టే ఉంటది. ఇంటికొచ్చి బుక్కు తెరిస్తే ఒక్క పేజీ ముందుకు పోదు."

"నేనిచ్చిన పుస్తకం చదువుతున్నవా?"

"డి దాకా వచ్చిన."

ఆ 'డి దాకా' అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే, తప్పు చేసింది నేనని నాకు అర్థమయింది.

నేనిచ్చిన పుస్తకం సంగతి చెప్పాలి. 2017లో, బీటెక్ మూడో ఏడాదిలో, నేను కూడా అమెరికా వెళ్ళిపోదామనుకున్న బ్యాచే. చైతన్యపురి దగ్గర ఒక మేడ మీద జీఆర్ఈ కోచింగ్. పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి హయత్‌నగర్, ఎల్బీ నగర్, కొత్తపేట దాటేలోపు ఇరవై మాటలు బట్టీ కొట్టడం, వచ్చేటప్పుడు ఆ ఇరవైలో పదిహేను మర్చిపోవడం. బారన్స్ వాళ్ళ 3500 మాటల లిస్టు జిరాక్సు తీసి, స్పైరల్ బైండింగ్ వేయించి మరీ ఇచ్చేవాళ్ళు. గుర్తుండటానికి చిట్కాలుండేవి. గారులస్ అంటే గారెలు తింటూ ఆపకుండా వాగేవాడు. ఈ చిట్కా ఎంత బాగా పనిచేసిందంటే, ఎనిమిదేళ్ళయినా మర్చిపోలేదు. ఇంకో మాట, ఈ ఎనిమిదేళ్ళలో ఆ పదం నాకు ఒక్కసారి కూడా ఎక్కడా ఎదురుపడలేదు, ఆఫీసులో ఆ లక్షణం ఉన్నవాళ్ళు రోజూ ఎదురుపడుతున్నా సరే.

ఏమాటకామాట, ఆ లిస్టుని తిట్టడం న్యాయం కాదు. అది ఒక పరీక్ష కోసం పుట్టింది. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో వ్యతిరేకార్థాలు, పోలికలు అడిగేవాళ్ళు, విడి మాటకి అర్థం తెలిస్తే మార్కు వచ్చేది. ఆ తర్వాత ఆ ప్రశ్నలు తీసేసి, వాక్యంలో ఖాళీ పూరించే రకం ప్రశ్నలకి బరువు పెంచారు. మా కోచింగ్‌లో జిరాక్సు మాత్రం మారలేదు. అది నా చదువుకి సరిపోయిందా లేదా అన్నది వేరే సంగతి (డబ్బుల దగ్గర ఆగిపోయి నేను వెళ్ళనే లేదు). ఆ స్పైరల్ పుస్తకం ఏడేళ్ళు అటక మీద ఉంది. చెల్లి "ఇంగ్లీష్ మాటలు రావన్నా" అనగానే, దుమ్ము దులిపి దాని చేతిలో పెట్టా. రోజుకి ఇరవై చదువు అన్నా. పాపం, మూడు నెలలు చదివింది. ఆ మాటల్లో ఒక్కటి కూడా కాలేజీ పుస్తకంలో కనపడకపోయేసరికి, తనకే బుర్ర లేదనుకుంది.

మర్నాడు పొద్దున ఎకనామిక్స్ పుస్తకం తెమ్మన్నా. డిమాండ్ చాప్టర్‌లో ఒక పేజీ తీసి, పెన్సిల్ ఇచ్చి, అర్థం కాని మాటల కింద గీత గీయమన్నా. మొహమాటపడకుండా గీసింది. మొత్తం 31 గీతలు.

కూర్చుని ఒక్కొక్కటీ విడదీశాం. ఆరు మాటలు ఎకనామిక్స్ వాళ్ళ సొంత మాటలు. ఇవి అసలు సమస్యే కాదని పది నిమిషాల్లో తేలింది. మార్జినల్ యుటిలిటీ అంటే ఉపాంత ప్రయోజనం అని చెప్పగానే, "ఓ గదా! క్షీణోపాంత ప్రయోజన సూత్రం. అరటిపండ్లు తింటాంటే తింటాంటే ఇగ వద్దనిపిస్తది, గదే కదా" అని ఇంటర్‌లో చదివింది గడగడా అప్పజెప్పింది. ఎలాస్టిసిటీ అంటే వ్యాకోచత్వం. ఇవి దానికి నాకన్నా బాగా తెలుసు. నేను ఎంపీసీ మనిషిని, నాకు ఆ అరటిపండు ఉదాహరణే కొత్త. మూడు మాటలు నిజంగానే అరుదైనవి, వదిలేసినా ఏమీ కాదు.

ఐదు మాటలు మాత్రం భలేవి. ఇవి దానికి "వచ్చిన" మాటలే, చిక్కంతా ఆ రావడంలోనే ఉంది. రిలేటివ్ ప్రైస్ కింద గీత చూసి, ఏమనుకున్నావే అంటే, "చుట్టాలకిచ్చే రేటా అన్నా?" అంది. మేమిద్దరం నవ్వుకున్నాం గానీ తప్పేముంది? రిలేటివ్ అంటే చుట్టం అనే కదా బడిలో చెప్పింది. మార్కెట్లో బాబాయి చుట్టాలకి వేరే రేటు ఇప్పిస్తాడు కూడా! ఒక సరుకు ధరని ఇంకో సరుకు ధరతో పోల్చి చూడటం అని చెప్తే, "బత్తాయి డజనుకి ఎన్ని దానిమ్మలొస్తయి, అట్లనా?" అంది. అట్లనే. ద లా హోల్డ్స్ అన్నచోట "చట్టం పట్టుకుంటుంది" అని మార్జిన్‌లో రాసుకుంది. సూత్రం వర్తిస్తుంది అని. సబ్జెక్ట్ టు అంటే ఏ సబ్జెక్టో అనుకుంది. ఇలాంటి మాట తెలియని మాటకన్నా ప్రమాదం. తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు, డిక్షనరీ చూస్తాడు. ఇక్కడ ఆగడు. హాయిగా తప్పుదారిలో ఇంకో అరపేజీ పోతాడు.

మిగిలిన పదిహేడూ చూడండి: అస్యూమ్, డిరైవ్, హెన్స్, వేరియస్ కాదు వేరీ, కాన్స్టెంట్, ఇంప్లై, వేర్‌యాజ్, సబ్సీక్వెంట్, యాట్రిబ్యూట్... ఇలాంటివి. ఇవి ఏ సబ్జెక్టుకీ చెందవు కాబట్టి పుస్తకం వెనక పదకోశంలో ఉండవు. ఎకనామిక్స్ మేడం అది ఇంగ్లీష్ వాళ్ళ పని అనుకుంటుంది. ఇంగ్లీష్ సారు పాఠాల్లో కథలూ పద్యాలూ తప్ప ఇవి రావు. కోచింగ్ వాడికి ఇవి మరీ "ఈజీ" మాటలు, లిస్టులో పెడితే పరువు పోతుంది. అంటే ఈ మాటల బాధ్యత ఎవరికీ లేదు, పేజీలో సగం బరువు మోసేది మాత్రం అవే.

ఇదంతా దానికి చెప్తుంటే నా కథే గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. బీటెక్ ఫస్టియర్ మ్యాథ్స్‌లో ఆర్బిట్రరీ కాన్‌స్టెంట్స్‌ని తొలగించి అవకలన సమీకరణం రాబట్టమని లెక్కలుంటాయి కదా. లెక్కలన్నీ చేశా, మార్కులూ వచ్చాయి. కానీ రెండో ఏడాది దాకా నేను ఆర్బిట్రరీ అనేది ఒక సైంటిస్టు పేరనుకున్నా! లాప్లాస్, బెర్నౌలీ, ఆర్బిట్రరీ. ఫ్రెంచాయనో ఇటలీ ఆయనో అయ్యుంటాడని. ఒకరోజు ఇంగ్లీష్ పేపర్లో ఎవర్నో పోలీసులు "ఆర్బిట్రరీ"గా అరెస్టు చేశారని చదివి, ఈయన ఇక్కడికెందుకొచ్చాడా అని డిక్షనరీ తీస్తే... వదిలేయండి.

అది నవ్వుకునే సంగతి. ఇంకోటుంది, దానికి నవ్వు రాదు. ఇంజనీరింగ్ మెకానిక్స్ పరీక్షలో, వేరేగా చెబితే తప్ప ఘర్షణని లెక్కలోకి తీసుకోవద్దు అని పైన ఒక వాక్యం ఉంది. అన్‌లెస్ అదర్‌వైజ్ స్టేటెడ్. ఆ మూడు మాటల్లో ఏ ఒక్కటీ నాకు కొత్త కాదు, మూడూ కలిస్తే ఏమీ అర్థం కాలేదు. అన్ని లెక్కల్లోనూ ఘర్షణ వేసుకుని చేశా. సబ్జెక్టు పోయింది. లెక్కలు రాక పోయిందనే మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటున్నారు.

ఉద్యోగంలో చేరినా ఇది వదల్లేదు. ఒక ఫంక్షన్ పక్కన డిప్రికేటెడ్ అని చూసి, ఇక పనిచెయ్యదు కాబోలనుకుని రాత్రంతా కూర్చుని కోడ్ మొత్తం మార్చా. పనిచేస్తుంది గానీ మున్ముందు తీసేస్తాం, ఇకమీదట వాడకండి అని దాని అర్థం. మన ఫీల్డులో కనీసం ఒక మేలుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997లోనే ఆర్ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం రాసి, అందులో మస్ట్ అంటే ఇంత, షుడ్ అంటే ఇంత, మే అంటే ఇంత అని గీత గీసి పెట్టారు. ఇంగ్లీష్ అమ్మభాషగా ఉన్నవాళ్ళకే ఆ చిన్న మాటల మీద తగువొస్తుందని వాళ్ళకి తెలుసన్నమాట. మా చెల్లి ఎకనామిక్స్ పుస్తకానికి అలాంటి పత్రం ఎవరు రాస్తారు?

రాశారని తర్వాత తెలిసింది. గచ్చిబౌలి తిరిగొచ్చాక ఒక శనివారం కూర్చుని వెతికా. ఈ దారిలో మొదట కనిపించిన మనిషి మన పక్కనే, ఢాకాలో పనిచేశాడు. మైకేల్ వెస్ట్ అని, అక్కడి టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఉండేవాడు. బెంగాలీ పిల్లలకి ఇంగ్లీషులో ముందు కావాల్సింది మాట్లాడటం కాదు, చదివి అర్థం చేసుకోవడం అని 1926లో పుస్తకం రాశాడు. వాచకాల్లో అరుదైన మాటలు కుప్పపోసి పిల్లల్ని చంపుతున్నారని, తరచుగా వచ్చే మాటలే ముందు నేర్పాలని ఆయన పట్టు. 1953లో సుమారు రెండు వేల మాటలతో ఒక జాబితా అచ్చువేశాడు. స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డుల కింద పెరిగిన మన దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకి ఆ 1926 మాట ఇప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

ఆ రెండు వేలు వచ్చేశాక కాలేజీ పుస్తకం చదవడానికి ఇంకేం కావాలి? న్యూజిలాండ్‌లో ఆవ్‌రిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ ఇదే ప్రశ్న పట్టుకుంది. చరిత్ర లాంటివి ఒకవైపు, వాణిజ్యం, న్యాయం, సైన్సు మిగతా వైపులు, మొత్తం 35 లక్షల మాటల కాలేజీ రాతలు పోగేసి, అన్ని సబ్జెక్టుల్లోనూ తరచుగా వచ్చి, వెస్ట్ జాబితాలో లేని మాటలు ఏరింది. 2000లో అచ్చయిన ఆ జాబితాలో 570 పద కుటుంబాలున్నాయి (డిరైవ్, డిరైవ్డ్, డెరివేషన్ అన్నీ కలిపి ఒక కుటుంబం). కాలేజీ రాతల్లో ప్రతి వంద మాటల్లో పది ఈ 570 నుంచే వస్తాయి. వాణిజ్యం, ఎకనామిక్స్ వైపైతే పన్నెండు. అదే నవలల్లో చూస్తే వందకి ఒకటిన్నర కూడా లేవు! "ఇంగ్లీష్ రావాలంటే నవలలు చదువమ్మా" అని చెల్లికి సలహా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నా కాబట్టి, ఈ అంకె దగ్గర కాసేపు ఆగిపోయా. నవలలు చదవొద్దని కాదు. దానికి రేపు పొద్దున కావాల్సిన మాటలు అక్కడ దొరకవని.

చెల్లి గీతలు గీసిన పదిహేడు మాటల్ని ఆ జాబితాతో చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి పోల్చా (పదిహేడు మాటలకి స్క్రిప్టెందుకని అడక్కండి, అలవాటు). పద్నాలుగు ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెస్ట్ రెండు వేలూ, ఈ 570 కలిపినా కాలేజీ పేజీలో వందకి 86 మాత్రమే వస్తాయి. అంటే ప్రతి ఏడు మాటల్లో ఒకటి ఇంకా బయటే. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే వందకి 98 తెలిసుండాలని, దానికి ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే ఆయన 2006లో లెక్కగట్టాడు. అది ఏళ్ళ పని. కాబట్టి 570 నేర్చుకుంటే ఇంగ్లీష్ వచ్చేస్తుందని ఎవరైనా చెబితే, అతను ఏదో కోర్సు అమ్ముతున్నాడనుకోండి. కాకపోతే ఆ మిగిలిన పద్నాలుగులో చాలావరకు సబ్జెక్టు మాటలు, పేర్లు. సబ్జెక్టు మాటల్ని ఉపాంత ప్రయోజనం రూపంలో మా చెల్లి ముందే మోసుకొచ్చింది. తెలుగు మీడియం వాళ్ళకి ఏమీ రాదని మొదలుపెట్టే ప్రతి కోచింగూ ఈ మూటని విప్పి చూడకుండానే పారేస్తోంది.

పద్ధతి ఏం పెట్టామంటే, పెద్ద గొప్పదేం కాదు. ఫోన్లో యాంకీ వేసుకోమందామనుకున్నా గానీ, ఫోన్ దానిదీ తమ్ముడిదీ ఉమ్మడి ఆస్తి, సాయంత్రమైతే వాడి చేతిలోంచి రాదు. కాబట్టి పాతకాలం పద్ధతే. లైట్నర్ అనే జర్మన్ 1972లో పుస్తకంలో రాసిన డబ్బా పద్ధతి. ఇంట్లో పడున్న శుభలేఖలు కత్తిరించి, తెల్లగా ఉన్నవైపు కార్డులు చేసుకుంది. మిఠాయి డబ్బాలో అట్టముక్కలతో ఐదు అరలు. గుర్తున్న కార్డు వెనక అరకి పోతుంది, మర్చిపోయింది మళ్ళీ మొదటి అరకి. ముందు అర రోజూ చూడాలి, వెనక అరలు అప్పుడప్పుడు. నేను పెట్టిన షరతు ఒక్కటే: కార్డు మీద విడి మాట రాయకూడదు, తన పుస్తకంలో అది కనపడిన వాక్యం రాయాలి. వెనకవైపు ఆ వాక్యాన్ని తెలుగులో తను ఎలా చెబుతుందో రాయాలి. రోజుకి ఆరు, అంతకన్నా వద్దు.

ఇంకోటి కూడా చేశాం, ఇది నాకు బాగా నచ్చింది. బడిలో ఉపసర్గలు చదివాం గుర్తుందా? హారం ముందు ఆ, వి, సం, పరి చేరిస్తే ఆహారం, విహారం, సంహారం, పరిహారం. అట్లాగే ఇంగ్లీషులో కన్‌సిస్ట్, పర్‌సిస్ట్, రెసిస్ట్, అసిస్ట్. ఇది చెప్పగానే దానికి హుషారొచ్చింది. అయితే ఇది గుర్తుపెట్టుకోవడానికే గానీ ఊహించడానికి కాదని కూడా చెప్పా. వి, హారం రెండూ తెలిసినంత మాత్రాన విహారం అంటే ఏంటో ఎవడైనా ఊహించగలడా? విన్నాం కాబట్టి తెలుసు.

మాటల కన్నా వాక్యాలు ఎక్కువ ఏడిపించాయి. మనకి క్రియ చివర్లో వస్తుంది, చెప్పాల్సిన షరతులన్నీ ముందే చెప్పేస్తాం. "వాన పడకపోతే వస్తా" అంటాం. వాళ్ళు వస్తా అని చెప్పేసి తర్వాత అన్‌లెస్ అని మెలిక పెడతారు. చెల్లి మొదటి సగం చదివి సంతోషపడి, రెండో సగంలో కింద పడేది. ఒకరోజు వాట్సాప్‌లో ఒక వాక్యం ఫొటో తీసి పంపింది: అదర్ థింగ్స్ బీయింగ్ ఈక్వల్. "అన్ని వస్తువులు సమానం అంటే ఎట్లన్నా, సమానమైతే ఇగ ధర ఎందుకు?" నేను టైప్ చేస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది. "ఆగాగు. ఇతర పరిస్థితులలో మార్పు లేనప్పుడు!!" మన ఇంటర్ పుస్తకంలో ప్రతి సూత్రం ముందూ ఉండే వాక్యమే అది. నేను చెప్పక్కర్లేకుండానే రెండు పుస్తకాలూ దాని బుర్రలో కలిశాయి. ఆ రోజు మా స్టాండప్‌లో ఎందుకు నవ్వుతున్నావని మేనేజర్ అడిగాడు.

మొదటి సెమిస్టర్‌లో ఎకనామిక్స్ పాసయింది. ఇంకో పేపర్ పోయింది, దాంట్లో మేం ఒక్క కార్డూ చెయ్యలేదు. చౌటుప్పల్ వాళ్ళు ఈ లోపల వేరే సంబంధం కుదుర్చుకున్నారు, కాబట్టి చిన్నమ్మతో నేను గెలవాల్సిన వాదన రాకుండానే పోయింది. వేరేవి వస్తాయి. వచ్చినప్పుడు ఏం చెప్పాలో నాకింకా సరిగ్గా తెలీదు, పోయిన పేపర్ సంగతి చిన్నమ్మకీ తెలుసు.

మొన్న వెళ్ళినప్పుడు డబ్బా చూపించింది. వెనక అరలో 212 కార్డులున్నాయట. నేను కాక్స్‌హెడ్ జాబితా ప్రింటు తీసి పట్టుకెళ్ళా, ఇంకా ఏవి మిగిలాయో చూసుకో అని. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గూడ లిస్టే కదన్నా, గారెల పుస్తకం లెక్క" అంది. నిజమే మరి. నా దగ్గర జవాబు లేదు. ప్రింటు తీసుకుంది గానీ వరసలో చదవనని, బుక్కులో మాట దొరికినప్పుడే దాంట్లో టిక్కు పెట్టుకుంటానని చెప్పింది.

వెళ్ళేటప్పుడు చివరి పేజీలో ఒకటి చూపించి, ఆల్‌బీట్ అని ఉంది, ఇది నువ్వెప్పుడన్న వాడినవా అని అడిగింది. లేదు. బస్సులో వస్తూ ఆఫీసు మెయిల్స్‌లో వెతికా. నాకు వచ్చిన మెయిల్స్‌లో నాలుగుచోట్ల ఉంది, నేను పంపినవాటిలో ఎక్కడా లేదు. అదే రాసి పంపా. "అయితే నాకొద్దు ఇప్పుడే" అని జవాబొచ్చింది.